ఆర్కిటిక్ ఖాళీ నేల కాదు: కింగైట్ చూసొచ్చాక కొన్ని మాటలు

2025 మొదటి నుంచీ ఆర్కిటిక్ పేరు వార్తల్లో నలుగుతూనే ఉంది. గ్రీన్‌లాండ్ మాకు కావాలని అమెరికా అధ్యక్షుడు ట్రంప్ పదేపదే అన్నారు. కెనడా 51వ రాష్ట్రం కావాలన్న మాట కూడా ఆ వరసలోనే వచ్చింది. ప్రధానిగా ప్రమాణం చేసిన నాలుగు రోజులకే, 2025 మార్చి 18న, మార్క్ కార్నీ నునావుట్ రాజధాని ఇకాలుయిట్‌లో దిగారు. ఆస్ట్రేలియాతో కలిసి 600 కోట్ల డాలర్లతో దూరశ్రేణి రాడార్ వ్యవస్థ కడతామని అక్కడే ప్రకటించారు. ఏడాది పొడుగునా సైన్యం ఉత్తరాన ఉండేలా మరో 42 కోట్ల డాలర్లు ఇస్తామన్నారు.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా టీవీలో ఒక పటం చూపిస్తారు. తెల్లటి పటం. దాని మీద ఓడల దారులు, రాడార్ల చుక్కలు, ఖనిజాల గుర్తులు, రష్యా వైపు నుంచి వచ్చే బాణాలు ఉంటాయి. మనుషులు మాత్రం ఎక్కడా కనబడరు. మన వాట్సాప్ గ్రూపుల్లో జరిగే చర్చ కూడా ఆ పటంలాగే ఉంటుంది. "అక్కడ మంచు తప్ప ఏముంది? ఎవరు తీసుకుంటే మనకేం?" అనే మాట నేను చాలాసార్లు చదివాను.

గత సెప్టెంబర్ మొదట్లో నేను, మా ఆవిడ, పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి నునావుట్‌లోని కింగైట్ అనే ఊరికి వెళ్ళొచ్చాం. అది ఇన్యూట్ కళకు పుట్టినిల్లు లాంటి ఊరు. చూసిందీ, అక్కడివాళ్ళు చెప్పిందీ, వచ్చాక చదువుకున్నదీ కలిపి ఒక మాట చెప్పాలనిపించింది. ఆ పటంలో కనబడని మనుషులే ఆ నేల మీద కెనడా హక్కుకు అసలు ఆధారం. వాళ్ళ ఇల్లు, తిండి, భాష, పని నిలబడితేనే ఉత్తరం నిలబడుతుంది. రాడార్ ఆ తర్వాతి సంగతి.

ఇది మనకెందుకు అంటారా? కెనడాలో ఉన్న మనవాళ్ళలో చాలామంది పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, లేదా తీసుకోబోయేవాళ్ళు. 2021 జూన్ నుంచి ఆ ప్రమాణం మారింది. ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మెటీ ప్రజల హక్కులనూ ఒప్పంద హక్కులనూ గుర్తించే రాజ్యాంగంతో సహా దేశ చట్టాలను పాటిస్తామని ఇప్పుడు చెయ్యి ఎత్తి చెబుతున్నాం. "ఇన్యూట్" అనే మాట మన నోటితో మనమే పలుకుతున్నాం. పలికిన మాట అర్థం తెలుసుకోవడం మన బాధ్యతే కదా.

ఎక్కడుంది ఈ ఊరు

నునావుట్ కెనడా విస్తీర్ణంలో దాదాపు ఐదో వంతు. 2021 జనాభా లెక్కల ప్రకారం అంత నేల మీదా ఉన్నది 36,858 మంది, 25 ఊళ్ళలో. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు. విమానం ఎక్కాలి, లేదా వేసవిలో పడవ, చలికాలంలో స్నోమొబైల్. కింగైట్ జనాభా 1,396. మన పల్లెల లెక్కన చూసినా చిన్న ఊరే.

బాఫిన్ దీవి నైరుతి కొసన, తీరాన్ని ఆనుకుని ఉన్న ఒక చిన్న దీవి మీద ఉంది ఈ ఊరు. 1631లో లూక్ ఫాక్స్ అనే ఇంగ్లిష్ నావికుడు అటు వచ్చి, తన యాత్రకు అండగా నిలిచిన డార్సెట్ ప్రభువు పేరు అక్కడి కొండకొమ్ముకు పెట్టాడు. అలా అది కేప్ డార్సెట్ అయింది. ఊరివాళ్ళు మాత్రం తమ భాషలో ఎప్పుడూ కింగైట్ అనే అన్నారు. ఎత్తైన కొండలు అని అర్థం. 2020లో అధికారికంగా ఆ పేరే ఖాయమైంది. మద్రాసు చెన్నై అయినట్టే, ఇదీ పాత పేరుకు తిరిగి రావడమే.

టొరంటో నుంచి ఆటవా, అక్కడి నుంచి సుమారు మూడు గంటల ప్రయాణం ఇకాలుయిట్‌కు, అక్కడి నుంచి చిన్న విమానంలో పడమరగా దాదాపు 400 కిలోమీటర్లు. పొగమంచు వల్ల ఇకాలుయిట్‌లో రెండు రోజులు ఆగిపోయాం. దాన్ని అక్కడ ఎవరూ ఆలస్యం అనరు, వాతావరణం అంటారు. ఒక్కో మనిషికి రానుపోను ఖర్చు హైదరాబాద్ టికెట్ కన్నా ఎక్కువే అయింది.

చెట్టు అన్నది లేదు. నల్లటి, బూడిదరంగు రాతికొండలు, మధ్యమధ్య సెప్టెంబర్‌కు ఎర్రబారిన నాచు. ఇళ్ళు రాతి మీద దిమ్మెలు వేసి కట్టినవి. నేల కింద పైపులు వేయలేరు కాబట్టి మంచినీళ్ళు లారీలో వస్తాయి, మురుగు ఇంకో లారీలో పోతుంది. బరువైన సామాను అంతా వేసవిలో సముద్రం కరిగినప్పుడు ఓడలో రావాలి. పాలు, కూరగాయలు, పండ్లు విమానంలో వస్తాయి. కొట్లో ధరలు చూసి మా ఆవిడ కాసేపు మాట్లాడలేదు. బ్రాంప్టన్‌లో మేం కొనే ధరకు రెండు మూడు రెట్లున్న వస్తువులు చాలా కనబడ్డాయి.

రాతిని అచ్చుగా మార్చిన సహకార సంఘం

ఇంత దూరపు ఊరు ప్రపంచపు మ్యూజియాలకు ఎలా తెలిసింది? దీని వెనక ఒక సహకార సంఘం కథ ఉంది.

1950 దశకం దాకా ఇక్కడి కుటుంబాలు వేటను బట్టి తీరం వెంట చిన్న చిన్న మకాముల్లో ఉండేవి. తెల్లనక్క బొచ్చు ధర పడిపోవడం, పిల్లల్ని బడిలో వేయాలన్న ప్రభుత్వ ఒత్తిడి, జబ్బులు, ఇవన్నీ కలిసి వాళ్ళను ఊళ్ళలోకి తెచ్చాయి. డబ్బుతో నడిచే బతుకు వచ్చిపడింది కానీ డబ్బు వచ్చే దారి లేదు. అప్పటికే జేమ్స్ హ్యూస్టన్ అనే కెనడా చిత్రకారుడు ఇన్యూట్ శిల్పాలను దక్షిణాదికి పరిచయం చేస్తున్నాడు. ఒసుయిటాక్ ఇపీలీ అనే శిల్పి ఒకరోజు రెండు సిగరెట్ పెట్టెల మీద నావికుడి బొమ్మ అచ్చంగా ఒకేలా ఉండటం చూసి, ప్రతి పెట్టె మీదా అదే బొమ్మ గీయాలంటే ఎంత విసుగో అన్నాడట. అచ్చు ఎలా వేస్తారో చూపించడానికి హ్యూస్టన్ ఇపీలీ చెక్కిన దంతం మీద సిరా పూసి కాగితం అద్దాడు. అక్కడి అచ్చుబొమ్మల కథ అలా మొదలైందని చెబుతారు. 1958లో హ్యూస్టన్ జపాన్ వెళ్ళి ఉనిచి హిరత్సుకా అనే గురువు దగ్గర చెక్కఅచ్చు విద్య నేర్చుకొచ్చాడు. కింగైట్‌లో చెక్క ఎక్కడిది? రాయి ఉంది. చదునైన రాతి మీద బొమ్మ చెక్కి, సిరా పూసి, పల్చటి జపాన్ కాగితం పరిచి, చేత్తో రుద్ది అచ్చు తీయడం వాళ్ళ సొంత పద్ధతి అయింది.

1959లో వెస్ట్ బాఫిన్ సహకార సంఘం ఏర్పడింది. అప్పటి నుంచీ ఏటా ఒక అచ్చుబొమ్మల సంపుటి వస్తోంది. ఒక్కో బొమ్మకు సాధారణంగా 50 ప్రతులే. ప్రతి దాని మీద సంఘం గుర్తుగా చిన్న ఎర్ర ఇగ్లూ ముద్ర ఉంటుంది. సంఘంలో వాటాదారులు ఊరివాళ్ళే. శిల్పి రాయి చెక్కి తెచ్చినా, ఒక ముసలమ్మ కాగితం మీద బొమ్మ గీసి తెచ్చినా సంఘం కొంటుంది, అమ్మకం దాకా ఆగకుండా డబ్బు చేతికిస్తుంది. అదే సంఘం కిరాణా కొట్టు నడుపుతుంది. 1978 నుంచి టొరంటోలో సొంత అమ్మకపు విభాగం ఉంది. మధ్యవర్తి చేతిలో పడకుండా, తయారుచేసేవాళ్ళే అమ్మకాన్ని కూడా తమ చేతిలో పెట్టుకున్నారు. మన చేనేత సంఘాల కష్టసుఖాలు తెలిసిన ఎవరికైనా ఇది ఎంత గట్టి పనో అర్థమవుతుంది.

కెనోజువాక్ అషెవాక్ 1960లో గీసిన "మంత్రపు గుడ్లగూబ" బొమ్మను మీరు ఎక్కడో చూసే ఉంటారు. 1970లో అది కెనడా తపాలా బిళ్ళ మీదకు ఎక్కింది. ఆమె 2013లో కన్నుమూశారు. 2018లో ఆ అచ్చు ప్రతి ఒకటి టొరంటో వేలంలో 2,16,000 డాలర్లు పలికింది. 2017లో వచ్చిన ప్రత్యేక 10 డాలర్ల నోటు మీద మెరిసే బొమ్మ కూడా ఆమెదే. మా ఇంట్లో ఆ నోటు ఒకటి ఏళ్ళ తరబడి డ్రాయర్‌లో ఉంది. ఊళ్ళో 2018లో తెరిచిన సాంస్కృతిక కేంద్రానికి ఆమె పేరే పెట్టారు. అందులోనే అచ్చు పనిశాల కూడా ఉంది.

మేం వెళ్ళిన రోజు లోపల ఒక పెద్దాయన రాతి పలక మీద రోలర్‌తో నీలం సిరా పూస్తున్నాడు. రంగు మారే చోట రోలర్‌ను వేలితో తుడిచి మళ్ళీ పూస్తున్నాడు. "ఒక్క బొమ్మకు ఎన్నాళ్ళు పడుతుంది?" అని మా అమ్మాయి అడిగింది. "రాయి ఎప్పుడు ఒప్పుకుంటే అప్పుడు," అన్నాడాయన నవ్వుతూ. బయట ఇళ్ళ ముందు శిల్పులు కరెంటు కోత యంత్రాలతో పచ్చరాయి చెక్కుతున్నారు. ముఖాలకు ముసుగులు, ఒంటి నిండా తెల్లటి దుమ్ము. శిల్పం అంటే ఏకాంతంలో జరిగే పని అనుకుంటాం. ఇక్కడ అది సైకిల్ రిపేరులాగా వీధిలోనే జరిగిపోతుంది.

గుడ్లగూబే కావాలనే కొనుగోలుదారు

దక్షిణాది కొనుగోలుదారులకు ఇన్యూట్ కళ అంటే గుడ్లగూబ, ధ్రువపు ఎలుగు, సీల్, ఇగ్లూ. కానీ ఆ ఊళ్ళో ఇవాళ ఎవరూ ఇగ్లూలో కాపురం ఉండటం లేదు. ఈ తేడాను కాగితం మీద పెట్టింది ఆనీ పూటూగూక్. ఆమె అమ్మమ్మ పిట్సియోలాక్ అషూనా పాతకాలపు మకాముల జీవితాన్ని గీసిన మహా చిత్రకారిణి. ఆనీ తన కాలాన్ని గీసింది. టీవీ చూస్తున్న కుటుంబం, కొట్టు నుంచి తెచ్చిన సరుకులు, నేల మీద కూర్చుని పచ్చి మాంసం పంచుకు తినడం, ఇంట్లో ఆడవాళ్ళ మీద జరిగే హింస, అన్నీ రంగు పెన్సిళ్ళతో, దాపరికం లేకుండా. 2006లో, అప్పట్లో కెనడా యువ కళాకారులకు ఇస్తుండిన సోబీ పురస్కారం ఆమెకు వచ్చింది. మరుసటి ఏడు జర్మనీలోని డాక్యుమెంటా ప్రదర్శనకు ఆమె బొమ్మలు వెళ్ళాయి. 2016లో ఆటవాలో, 47 ఏళ్ళకే, నదిలో ఆమె శవం దొరికింది. పేరు వచ్చినంత మాత్రాన ఉత్తరం నుంచి వచ్చిన ఒక ఆడమనిషికి దక్షిణాది నగరంలో రక్షణ దొరకలేదు.

ఆనీకి మేనమామ కూతురయ్యే షువినాయ్ అషూనా 2022 వెనిస్ బియెనాలేలో ప్రత్యేక గుర్తింపు పొందింది. ఆమె బొమ్మల్లో కింగైట్ వీధులు, సముద్ర జీవులు, భూగోళాలు అన్నీ కలిసిపోతాయి. "సాంప్రదాయం" అనే గీత గీసి ఈ లోపలే ఉండండి అని వాళ్ళకు చెప్పే హక్కు మనకు లేదు. కూచిపూడిని గుడి ముందు రాతి విగ్రహంలాగే చూడాలనుకునే విదేశీ ప్రేక్షకుడంటే మనకు ఎలా ఉంటుందో, ఇదీ అంతే.

ఇంకో సమస్య నకిలీలు. విమానాశ్రయాల్లో, పర్యాటకుల కొట్లలో అచ్చులో పోసిన ఎలుగుబొమ్మలు "ఆర్కిటిక్ కళ" పేరుతో దొరుకుతాయి. వాటిలో ఇన్యూట్ చేతికి పోయేది ఒక్క సెంటు కూడా లేదు. దీన్ని అడ్డుకోవడానికే 1958లో కేంద్ర ప్రభుత్వం ఇగ్లూ ట్యాగ్ అనే ముద్ర తెచ్చింది. వింతేమిటంటే, ఆ ముద్ర మీద హక్కు 59 ఏళ్ళపాటు ప్రభుత్వం దగ్గరే ఉంది. 2017లో గానీ ఇన్యూట్ ఆర్ట్ ఫౌండేషన్ చేతికి రాలేదు. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చాక కూడా మర మీద అచ్చేసిన చీరలు అదే పేరుతో అమ్ముడవడం మనం చూస్తూనే ఉన్నాం. ముద్ర ఒక్కటే చాలదు, కొనేవాడు అడగాలి.

ఇన్యూట్ దృశ్యకళలు, చేతిపనుల వల్ల 2015లో కెనడా ఆర్థిక వ్యవస్థకు చేరింది 6.4 కోట్ల డాలర్లకు పైనే అని కేంద్ర ప్రభుత్వం చేయించిన అధ్యయనం లెక్కగట్టింది. ఉద్యోగాలు తక్కువ ఉన్న ఊళ్ళలో ఆ డబ్బు అలంకారం కాదు, స్నోమొబైల్‌కు పెట్రోలు, పిల్లలకు పాలు.

జెండా కర్రలుగా మారిన మనుషులు

ఇప్పుడు మళ్ళీ ఆ తెల్లటి పటం దగ్గరికి వద్దాం. ఆర్కిటిక్ మీద హక్కు చూపించుకోవాలన్న తొందర కెనడాకు ఇది మొదటిసారి కాదు. 1953లోనూ 1955లోనూ క్యూబెక్ ఉత్తర తీరంలోని ఇనుక్‌జువాక్ నుంచి, ఇంకా ఇతర చోట్ల నుంచి ఇన్యూట్ కుటుంబాలను సుమారు 2,000 కిలోమీటర్ల ఉత్తరాన గ్రీస్ ఫియర్డ్, రెజల్యూట్ అనే చోట్లకు ప్రభుత్వం తరలించింది. వేట బాగుంటుందని, నచ్చకపోతే రెండేళ్ళలో వెనక్కి తెస్తామని చెప్పారు. చలికాలం నెలల తరబడి సూర్యుడు కనబడని చోటు అది. పైగా కుటుంబాలను రెండు ఊళ్ళకు విడదీశారు. వెనక్కి తెస్తామన్న మాట నిలబెట్టుకోలేదు. దేశపు హక్కు చాటడానికి మమ్మల్ని మనుషుల జెండా కర్రలుగా పాతారని వాళ్ళు ఇప్పటికీ అంటారు. 2010 ఆగస్టులో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది.

అదే ఏడాది రెండు ఊళ్ళలోనూ స్మారక శిల్పాలు లేచాయి. గ్రీస్ ఫియర్డ్‌లో లూటీ పిజమినీ చెక్కిన తల్లీ బిడ్డ, వాళ్ళ పక్కన కుక్క. రెజల్యూట్‌లో సిమియోనీ అమగోవాలిక్ చెక్కిన ఒంటరి మగమనిషి. విడదీసిన కుటుంబాలకు గుర్తుగా వాళ్ళు ఒకరున్న వైపు ఒకరు చూస్తూ ఉంటారు. ప్రభుత్వ నివేదికలు ఎన్నో పేజీల్లో చెప్పిన విషయం ఆ రెండు రాళ్ళు చెప్పేశాయి. ఇన్యూట్ కళను బల్ల మీద పెట్టుకునే బొమ్మగా మాత్రమే చూడకూడదని నేననడం ఇందుకే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 1993లో ఇన్యూట్‌లు, కెనడా ప్రభుత్వం సంతకం చేసిన నునావుట్ ఒప్పందం వల్లే 1999 ఏప్రిల్ 1న నునావుట్ ఏర్పడింది. ఆ ఒప్పందంలో ఇన్యూట్‌లు ఆ నేల మీద తమ పూర్వపు హక్కును వదులుకున్నారు. బదులుగా సుమారు 3,50,000 చదరపు కిలోమీటర్ల మీద యాజమాన్యం, 14 ఏళ్ళలో దాదాపు 115 కోట్ల డాలర్లు, పరిపాలనలో భాగం వచ్చాయి. ఆర్కిటిక్ ద్వీపసమూహపు జలాల మీద కెనడా సార్వభౌమత్వానికి ఇన్యూట్‌ల వాడుక, నివాసమే బలమని ఆ ఒప్పందంలోనే రాసి ఉంది. అంటే వాయవ్య మార్గం మాది అని కెనడా ప్రపంచం ముందు నిలబడి చెప్పేటప్పుడు, దాని చేతిలో ఉన్న గట్టి సాక్ష్యం కింగైట్‌లాంటి ఊళ్ళే.

మరి ఆ సాక్షుల పరిస్థితి ఏమిటి? ఇన్యూట్ ప్రాంతాల్లో 15 ఏళ్ళు దాటినవాళ్ళలో 76 శాతం మందికి తిండి భద్రత లేదని 2017 సర్వే చెప్పింది. సగానికి పైగా ఇన్యూట్‌లు ఇరుకు ఇళ్ళలో ఉంటున్నారు. 2011 నుంచి నడుస్తున్న ఆహార రాయితీ పథకంలో డబ్బు వెళ్ళేది కొట్టు యజమానులకు, కుటుంబాలకు కాదు. ఆ రాయితీ ధరలోకి పూర్తిగా దిగుతోందా అన్నది ఎప్పటినుంచో ఉన్న ప్రశ్న. ఇరుకు ఇల్లు, పోషణ లేమి కలిసిన చోట క్షయ ఉంటుంది. 1940ల నుంచి 60ల దాకా క్షయ రోగుల్ని ఓడల్లో దక్షిణాది ఆసుపత్రులకు తీసుకెళ్ళి, కొందరి కబురు కూడా ఇంటికి చెప్పని తీరుకు 2019లో ప్రధాని క్షమాపణ చెప్పారు. కెనోజువాక్ కూడా అలా మూడేళ్ళు క్యూబెక్ ఆసుపత్రిలో గడిపినావిడే. 2030కల్లా క్షయను నిర్మూలిస్తామన్నది ప్రభుత్వం ఇచ్చిన మాట. ఆ గడువు ఎంతో దూరంలో లేదు.

రాడార్ వద్దని నేననడం లేదు. రష్యా ఉక్రెయిన్ మీద పడ్డాక ఉత్తరాన కన్ను వేసి ఉంచాలన్నది న్యాయమే. కానీ రాడార్‌కు 600 కోట్లు ఒక్క ప్రకటనలో వస్తే, ఇళ్ళకూ నీళ్ళకూ మాత్రం ఏటేటా అర్జీలు పెట్టుకోవాలంటే అందులో న్యాయం ఎక్కడుంది? సైనికులు దిగే రన్‌వే, వాళ్ళు ఉండే కట్టడం, వాళ్ళకు వేసే ఇంటర్నెట్ తీగ ఊరికి కూడా ఉపయోగపడేలా మొదట్లోనే రాసుకోవాలి. తర్వాత అడిగితే దొరకదు. 2024 జనవరిలో కుదిరిన ఒప్పందం ప్రకారం 2027 ఏప్రిల్ 1 నాటికి నునావుట్ నేల, ఖనిజాల మీద నిర్ణయాధికారం ఆటవా నుంచి నునావుట్ ప్రభుత్వానికి మారాలి. నా దృష్టిలో ఏ రాడార్ కన్నా పెద్ద వార్త ఇదే. నేల మీద నిర్ణయం ఆ నేల మీద ఉండేవాళ్ళది అయినప్పుడే "మాది" అన్న మాటకు బరువు వస్తుంది.

పేరు, లిపి, భాష

కింగైట్‌లో మమ్మల్ని ఎక్కువగా ఆపేసినవి అక్కడి అక్షరాలు. బడి మీద, కొట్టు మీద, ఆగమని చెప్పే గుర్తు మీద కూడా ఇనుక్టిటుట్ లిపి ఉంది. త్రికోణాలు, కొక్కేల్లాంటి ఆకారాలు. మా అమ్మాయికి ఒక టీచరమ్మ రెండు నిమిషాల్లో సూత్రం చెప్పింది. ఒక్కో గుర్తు ఒక్కో అక్షరం, దాన్ని ఎటు తిప్పితే అచ్చు అటు మారుతుంది. "అంటే గుణింతమే కదా నాన్నా!" అంది మా అమ్మాయి. మనం గుడి పెట్టి, కొమ్ము పెట్టి మార్చేదాన్ని వాళ్ళు ఆకారాన్నే తిప్పి మారుస్తారు. అచ్చులు మూడే కాబట్టి సరిపోతుంది.

పేర్ల సంగతి కూడా మనకు దగ్గరిదే. ఇన్యూట్‌లకు ఇంటిపేరు ఉండేది కాదు. చనిపోయిన పెద్దల పేరు పుట్టిన బిడ్డకు పెడతారు. పేరుతోపాటు వరస కూడా వస్తుంది. తాత పేరు పెట్టిన పసివాణ్ణి వాళ్ళ అమ్మ "నాన్నా" అని పిలవవచ్చు. మామగారి పేరు కొడుక్కి పెట్టి, ఆ పేరు నోటితో పలకలేక ఇంకో ముద్దుపేరుతో పిలిచే మన కోడళ్ళకు ఇది వింతగా ఏమీ ఉండదు. ఈ పద్ధతి గుమాస్తాలకు అంతుపట్టలేదు. 1941 నుంచి ప్రభుత్వం ఒక్కొక్కరికీ నంబరు వేసిన చిన్న బిళ్ళ ఇచ్చింది, మెడలో వేసుకోమని. 1960ల చివర ఏబ్ ఓక్‌పిక్ అనే ఇన్యూట్ నాయకుడు ఊరూరా తిరిగి ఇంటిపేర్లు నమోదు చేసేదాకా వాళ్ళు కాగితాల మీద నంబర్లే. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందా వెనకా అని ఇమిగ్రేషన్ గుమాస్తాతో తంటాలుపడిన మనకు ఆ బాధ వాసన కొంచెం తెలుసు. కొంచెమే. మనకు ఎవరూ మెడలో బిళ్ళ వేయలేదు.

భాష విషయంలోనూ ఆ తేడా గుర్తుంచుకోవాలి. విదేశాల్లో మన పిల్లలు తెలుగు మరిచిపోతున్నారని బాధపడతాం. కానీ మన వెనక 2011 లెక్కల ప్రకారమే భారతదేశంలో 8.11 కోట్ల తెలుగువాళ్ళున్నారు. కెనడాలో ఇన్యూట్ భాష వచ్చినవాళ్ళు సుమారు 40 వేలు. అక్కడ పోతే ఇంకో చోట ఉందిలే అనుకునే వీల్లేదు. మనం వలస వచ్చి భాష పోగొట్టుకుంటున్నాం, వాళ్ళు సొంత ఊళ్ళో కూర్చుని పోగొట్టుకుంటున్నారు. 2008 చట్టం ప్రకారం 2019కల్లా అన్ని తరగతుల్లోనూ ఇన్యూట్ భాషలో చదువు రావాలి. టీచర్లు లేరని 2020లో ఆ గడువును 2039కి జరిపారు. ఇన్యూట్‌ల తరఫు సంస్థ 2021లో నునావుట్ ప్రభుత్వం మీదే కోర్టుకెక్కింది. ఇరవై ఏళ్ళంటే ఒక తరం పిల్లలు బడి దాటిపోతారు.

వెళ్ళాలనుకుంటే, కొనాలనుకుంటే

అందరూ అంత ఖర్చు పెట్టి వెళ్ళలేరు, వెళ్ళక్కర్లేదు కూడా. బ్రాంప్టన్‌కు అరగంట దూరంలో క్లైన్‌బర్గ్‌లో ఉన్న మెక్‌మైకేల్ మ్యూజియంలో కింగైట్ సహకార సంఘం దాచుకున్న వేలాది చిత్రాలు 1990 నుంచి భద్రంగా ఉన్నాయి. ఆకులు రంగు మారే రోజుల్లో ఫోటోల కోసం మనవాళ్ళు ఆ ఊరికి వెళ్తూనే ఉంటారు. ఒకసారి లోపలికి కూడా వెళ్ళండి. విన్నిపెగ్‌లో ఉన్నవారు 2021లో తెరిచిన కౌమాజుక్‌ను చూడండి. సమకాలీన ఇన్యూట్ కళకు ప్రపంచంలోనే అతిపెద్ద ప్రజా సేకరణ అది.

ఓడలో ఆర్కిటిక్ యాత్రకు వెళ్ళేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. వెయ్యి మంది ఉండే ఊరిలో వంద మంది ఒకేసారి దిగితే అది ఊరికి పండుగా కావచ్చు, పరీక్షా కావచ్చు. ఇళ్ళ కిటికీల్లోకి ఫోటోలు తీయకండి, పిల్లల్ని అడగకుండా తీయకండి. శిల్పి దగ్గర నేరుగా కొంటే బేరం ఆడకండి. సంఘంలో కొంటే ఇగ్లూ ట్యాగ్ అడగండి.

అమెరికాలో ఉన్న పాఠకులకు ఒక జాగ్రత్త. 1972 నాటి సముద్ర క్షీరద రక్షణ చట్టం వల్ల సీల్ తోలు, వాల్రస్ దంతం, తిమింగలం ఎముకతో చేసిన వస్తువులను మామూలు పర్యాటకులు అమెరికాలోకి తీసుకెళ్ళలేరు. రాతి శిల్పం, కాగితపు అచ్చు అయితే ఆ చిక్కు లేదు.

సీల్ మాట వచ్చింది కాబట్టి, మనలో శాకాహారులు చాలామంది ఉన్నారు, మా ఇంట్లోనూ ఉన్నారు. సీల్ వేట అనగానే ముఖం చిట్లించడం తేలిక. కానీ పంట పండని నేల మీద ఆ మాంసమే కూర, ఆ తోలే చెప్పు, ఆ కొవ్వే దీపం. 2009లో యూరప్ సీల్ వస్తువుల వ్యాపారాన్ని నిషేధించినప్పుడు ఇన్యూట్‌లకు మినహాయింపు ఇచ్చామన్నారు. మార్కెట్టే కూలిపోయాక మినహాయింపు ఎవరి కడుపు నింపుతుంది? విమానంలో వచ్చిన వాడిపోయిన క్యాబేజీని ఆ ధరకు కొనమని వేటగాడికి చెప్పడం అహింస కాదు.

చివరగా, ఓటు ఉన్న ప్రతి తెలుగు కుటుంబానికీ ఒక విన్నపం. మన నియోజకవర్గాల్లో అభ్యర్థులు ఇప్పుడు మన వినాయక చవితికీ ఉగాదికీ వస్తున్నారు, మన పులిహోర తింటున్నారు. వీసాలు, తల్లిదండ్రుల స్పాన్సర్‌షిప్ గురించి అడుగుతాం, అడగాల్సిందే. దాంతోపాటు ఈసారి ఇంకో ప్రశ్న కూడా అడగండి: ఉత్తరాన రాడార్‌కు డబ్బు పెట్టిన ఏడాదే అక్కడ ఎన్ని ఇళ్ళు కట్టారు, 2030 క్షయ గడువు ఎంతవరకు వచ్చింది, 2027 అధికార బదిలీ అనుకున్న రోజుకు జరుగుతుందా? నునావుట్ మొత్తానికీ పార్లమెంటులో ఉన్నది ఒక్క సీటు. టొరంటో చుట్టుపక్కల మనం ఓటు వేసే సీట్లు ఎన్నో ఉన్నాయి. అక్కడి ఒక్క గొంతుకు ఇక్కడి నుంచి పది గొంతులు కలిస్తే ఆటవాలో వినబడుతుంది.